స్టీరింగ్ బరువెక్కితే రాక్ మార్చాల్సిందేనా?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను. (రాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ, దాని గొట్టం.)

"అన్నా, నమస్తే. మాది 2013 మోడల్ ఏడు సీట్ల డీజిల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నం. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల నుంచి స్టీరింగ్ బరువైంది. రోడ్డు మీద పోతుంటే అంత తెల్వదు గానీ బత్తాయి తోటలో రివర్స్ చేసేటప్పుడు, సంతలో బండి పెట్టేటప్పుడు భుజాలు నొప్పి పుడుతున్నయి. రేస్ ఇస్తే కొంచెం తేలికైతది. తిప్పినప్పుడల్లా ముందు నుంచి మూలుగుతున్నట్టు చప్పుడు. స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో పది రోజులకోసారి తగ్గుతుంది. మధ్యలో ఒకసారి బాగా తగ్గితే షాపులో బ్రేక్ ఆయిల్ దొరికింది, అదే పోసినం. ఒక మెకానిక్ రాక్ పోయింది, కొత్తది వేయాలె, పాతిక వేలైతది అన్నడు. ఇంకో షెడ్డులో పంపు పోయింది అన్నరు. ఎవరిని నమ్మాలె? వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకొని శ్రీశైలం పోవాలె. టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, ముందు శ్రీశైలం సంగతి చెప్తా. బండి ఇప్పుడున్న స్థితిలో పోవద్దు. డిండి దాటి మన్ననూర్ చెక్‌పోస్టు లోపలికి పోయాక అంతా నల్లమల అడవే, దారిలో బండి ఆగితే చేయి వేసే మెకానిక్ దొరకడు, ఆ తర్వాత దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు ఒక మలుపు తిప్పి సరిచేసుకునేలోపే ఇంకో మలుపు వస్తుంది, ఎదురుగా బస్సు ఉంటుంది. అక్కడ ఆయిల్ మొత్తం పోయి స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంటే, వెనక సీట్లో పెద్దవాళ్లను పెట్టుకుని నువ్వు చేయగలిగింది చాలా తక్కువ. బండి బాగయ్యాక పో, లేదా వేరే బండి మాట్లాడుకో.

ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను నువ్వు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేశావు. బ్రేక్ ఆయిల్ పోశామన్నావు చూడు, అది. రాక్ అన్న మెకానిక్‌కు గానీ, పంపు అన్న షెడ్డువాళ్లకు గానీ ఈ మాట చెప్పావా? చెప్పి ఉండవనే అనుకుంటున్నా, ఎందుకంటే విన్నవాడెవరైనా ముందు ఆ ఆయిల్ తీసేయాలనే అనేవాడు.

బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. మామూలుగా దొరికేది గ్లైకాల్ జాతి ద్రవం, పెట్రోలియం నూనె కాదు. బ్రేకుల్లో ఉండే రబ్బరు వేరు, పవర్ స్టీరింగ్ పంపులో, రాక్‌లో ఉండే సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రింగుల) రబ్బరు వేరు. స్టీరింగ్ సీళ్లు పెట్రోలియం నూనెకు తట్టుకునేలా చేసినవి, వాటికి బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తర్వాత అంచులు పాడై కారడం మొదలవుతుంది. పైగా పంపు లోపల రెక్కలు ఇనుము మీద ఇనుము రాసుకుంటూ తిరుగుతాయి, వాటికి కావాల్సిన జిడ్డు బ్రేక్ ఆయిల్ ఇవ్వదు. అంటే మొదట ఎక్కడో చిన్న కారుడు ఉండి ఉంటుంది, దానికి ఆయిల్ తగ్గింది, ఆ తగ్గినదానికి మీరు పోసింది మిగతా సీళ్లను కూడా పట్టుకుని ఉండొచ్చు. ఎంత పోశారో, ఎన్ని రోజులైందో నువ్వు రాయలేదు. ఎంతైనా సరే, దాన్ని లోపల ఉంచుకుని ఏ సామాను కొన్నా ఆ కొత్త సామాను సీళ్లకు కూడా అదే గతి పడుతుంది. (దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం. స్టీరింగ్ ఆయిల్‌ను గానీ ఇంజన్ ఆయిల్‌ను గానీ బ్రేక్ డబ్బాలో పోస్తే బ్రేకుల రబ్బర్లు ఉబ్బి బ్రేకులే పోతాయి. ఇంట్లో బండి ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పి పెట్టు.)

ఈ స్టీరింగ్ ఎట్లా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తా, అప్పుడు పరీక్షలు నీకే అర్థమవుతాయి. ఇంజన్ తిరిగితే ఒక బెల్టు పంపును తిప్పుతుంది, కొన్ని డీజిల్ ఇంజన్లలో బెల్టు లేకుండా గేర్ తిప్పుతుంది. పంపు డబ్బాలోని ఆయిల్‌ను గుంజి ఒత్తిడితో గట్టి పైపు గుండా రాక్‌లోకి నెడుతుంది. నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పితే రాక్ మీదున్న వాల్వ్ ఆ వైపు ఒత్తిడిని పంపుతుంది, నీ చేతుల బరువును ఆయిల్ మోస్తుంది. పని అయిపోయిన ఆయిల్ ఇంకో పైపు గుండా మళ్లీ డబ్బాలోకి వస్తుంది. కాబట్టి స్టీరింగ్ బరువెక్కిందంటే మూడింట్లో ఒకటి: ఆయిల్ సరిగా లేదు, ఒత్తిడి పుట్టడం లేదు, లేదా ఒత్తిడి పుట్టినా చేరాల్సిన చోటికి చేరడం లేదు. ఇవి కాక నాలుగోది ఉంది, దానికి ఆయిల్‌తో సంబంధమే లేదు, చక్రాల దగ్గరో స్టీరింగ్ రాడ్ దగ్గరో ఇనుమే పట్టేసి ఉంటుంది.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. బానెట్ తెరిస్తే స్టీరింగ్ గుర్తున్న మూతతో ఆయిల్ డబ్బా లేకపోతే మీది బహుశా ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఈ కాలం చిన్న కార్లలో ఎక్కువగా అదే. దాంట్లో ఆయిల్ ఉండదు, బెల్టు ఉండదు, మోటారు ఉంటుంది. అది బరువెక్కితే ముందు చూడాల్సింది మీటర్లో స్టీరింగ్ లైటు వెలుగుతోందా, బ్యాటరీ ఎట్లా ఉందీ అన్నది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు దాదాపు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. ఇరుకు చోట స్టీరింగ్‌ను చివరిదాకా పదే పదే తిప్పితే మోటారు వేడెక్కి కాసేపు సాయం తగ్గిస్తుంది, చల్లారాక మామూలవుతుంది, దానికి ఎవరూ ఏమీ మార్చనవసరం లేదు. మిగతాది స్కానర్ పెట్టి చూడాల్సిన పని.

ఇప్పుడు నీ బండి. రేపు పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే ముందు టైర్ల గాలి కొలిపించు. డ్రైవర్ డోర్ దగ్గర అతికించిన కాగితంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. గాలి తక్కువున్న ముందు టైర్లతో బాగున్న స్టీరింగ్ కూడా బరువే తిరుగుతుంది, ఇంత చిన్న విషయాన్ని వదిలేసి పెద్ద సామాన్ల దాకా పోయినవాళ్లను చాలామందిని చూశాను. కంపెనీ ఇచ్చిన వాటికంటే వెడల్పు టైర్లు పాత ఓనర్ వేయించాడేమో కూడా చూడు.

తర్వాత జాకీ పరీక్ష. నా దృష్టిలో అన్నింటికంటే విలువైన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు. సమంగా ఉన్న గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు రెండు చక్రాలు నేల నుంచి లేచేలా జాకీ కొట్టి, కింద స్టాండ్లు పెట్టు. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. తాళం తిప్పి స్టీరింగ్ లాక్ విడిపించు, ఇంజన్ మాత్రం ఆపే ఉంచు. ఇప్పుడు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పు. సాఫీగా తిరిగిందంటే ఇనుములో పట్టు లేదు, తప్పు ఆయిల్ వైపే ఉంది. అట్లా కాకుండా చక్రాలు గాల్లో ఉన్నా బిగుతుగానే ఉంటే, అప్పుడు చక్రాల దగ్గరి కీళ్లు, కడ్డీలు (బాల్ జాయింట్లు, టై రాడ్లు), రాక్ లోపలి ఇనుము చూడాలి. ఒక్కో చుట్టుకు ఒకటి రెండు చోట్ల మాత్రమే పట్టి వదులుతుంటే స్టీరింగ్ రాడ్ కింది చివర ఉండే క్రాస్ జాయింట్ తుప్పు పట్టి ఉంటుంది. బురద నీళ్లలో తిరిగే బండ్లకు, మన తోటల బాటల్లో తిరిగేవాటికి మరీ ఎక్కువగా వస్తుంది ఇది. రాక్‌తో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

నువ్వు రేస్ ఇస్తే తేలికవుతుందన్నావు, మూలుగుతుందన్నావు, ఆయిల్ తగ్గుతుందన్నావు. ఈ మూడూ కలిస్తే నేను ముందు అనుమానించేది పంపుకు సరైన ఆయిల్ అందకపోవడం, ఆ తర్వాత బెల్టు జారడం, ఆ తర్వాత పంపు. రాక్ అనుమానం నాలుగోది. లేదనడం లేదు, రాక్ లోపలి సీలు పోయినా రేస్‌కు కొంచెం తేలికైనట్టు అనిపిస్తుంది, కానీ మొదటి మూడూ చూడకుండా నాలుగో దానికి పాతిక వేలు పెట్టొద్దు.

డబ్బా మూత తీసి ఆయిల్‌ను ఒక తెల్ల గుడ్డ మీద వేసి చూడు. చాలా బండ్లలో పోసేది ఎర్రటి ఆయిల్, అది ఎర్రగా తేటగా ఉండాలి. నల్లబడి మాడిన వాసన వస్తే పాతదై వేడికి కాలిందన్నమాట, మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీల ఎండలో లోడుతో తిరిగే బండికి అది వింతేం కాదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు డబ్బాలో నురుగు కనిపిస్తే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా గుంజుతోంది, ఆ మూలుగు ఆ గాలిదే అయ్యుండొచ్చు. పాల రంగులో ఉంటే నీళ్లు కలిశాయా అని చూడాలి. గుడ్డ మీద ఎండలో మెరిసే ఇనుప రజను కనిపిస్తే మాత్రం పంపు లోపల అరుగుతోంది. ఇంకోటి, చాలా డబ్బాల్లో అడుగున సన్నటి జాలీ ఉంటుంది, అది మడ్డితో పూడుకుపోతే డబ్బా నిండా ఆయిల్ ఉన్నా పంపుకు చేరదు. డబ్బా విప్పి చూడమంటే చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు, నువ్వు పట్టుబట్టి చూపించుకో.

ఇక్కడ నా సొంత బండి సంగతి చెప్పాలి. అప్పట్లో నాకూ ఇదే మూలుగు, ఇదే బరువు. ఒక షెడ్డులో రాక్ మార్చారు, డబ్బు కట్టి వచ్చాను, వారం తిరక్కుండా మూలుగు మళ్లీ మొదలైంది. చివరికి తెలిసిందేంటంటే డబ్బా నుంచి పంపుకు పోయే మెత్తటి పైపు క్లిప్పు వదులైంది. ఆ పైపులో ఒత్తిడి ఉండదు, గుంజుడు ఉంటుంది, అందుకని బయటికి పెద్దగా కారకుండా గాలి లోపలికి పోతుంది, కింద చుక్క కనపడదు. పైపు గట్టిపడి అంచు పగిలింది. ముక్క కోసి కొత్త క్లిప్పు వేస్తే అయిపోయింది. ఆ రాక్ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధే, అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బెల్టు సంగతి తొందరగా చెప్తా. ఇంజన్ ఆపి, బెల్టు మధ్యలో వేలితో నొక్కు. వదులుగా ఊగితే, లోపలి ముఖం అద్దంలా మెరుస్తుంటే, పగుళ్లుంటే, ఆయిల్ తడి ఉంటే అది జారుతోంది. జారే బెల్టు కీచుమని అరుస్తుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు, వానలో తడిసినప్పుడు, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు. పంపు అరవదు, మూలుగుతుంది, రేస్‌తో పాటు ఆ మూలుగు పెరుగుతుంది. ఈ రెండు చప్పుళ్ల తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. స్టీరింగ్ చివర తాకినప్పుడు మాత్రమే వచ్చే చిన్న బుస్సుమనే శబ్దం రోగం కాదు, ఎక్కువైన ఒత్తిడిని వాల్వ్ వదులుతోంది. అట్లాగని ఆ చివర పట్టుకుని కూర్చోవద్దు, ఐదు సెకన్లకు మించితే ఆయిల్ కాగిపోతుంది, పంపు దెబ్బతింటుంది.

కారుడు ఎక్కడో కనుక్కోవడానికి ఓపిక కావాలి. ముందు పంపు, పైపులు, రాక్ అన్నీ గుడ్డతో పొడిగా తుడిపించు, తుడవకుండా చూస్తే ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి తప్పు లేని చోటును చూపిస్తుంది. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి ముందు చక్రాల చోటును పెన్నుతో గుర్తు పెట్టు. తెల్లారి చుక్కలు ఏ వైపు పడ్డాయో చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పంపు పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) వెనక తడి ఉంటే పంపు సీలు. ఇనుప గొట్టం, రబ్బరు పైపు కలిసే అతుకు దగ్గర తడి ఉంటే ఆ పైపు, దాన్ని కొత్తది వేసుకోవచ్చు, లేదా జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు చేసే షాపులో ఆ ఒత్తిడికి తగ్గది చేయించుకోవచ్చు. మామూలు రబ్బరు పైపు, క్లిప్పు మాత్రం ఒత్తిడి వైపు ఎప్పుడూ వేయనీయకు. ఇక రాక్ రెండు చివర్లా మడతలు మడతలుగా రబ్బరు బూట్లు ఉంటాయి, వాటిని వేళ్లతో పిసుకు. లోపల ఆయిల్ కదిలితే రాక్ సీళ్లు కారుతున్నాయని రుజువు, ఆ మెకానిక్ అనుమానం నిజమే. బూట్లు లోపల పొడిగా ఉంటే "రాక్ కారుతుంది కాబట్టి మార్చాలి" అన్న మాట నిలవదు.

ఇంజన్ నడుస్తుండగా పైపుల మీద చేయి పెట్టి కారుడు వెతకొద్దు. ఆ పైపులో ఒత్తిడి చాలా బండ్లలో 70 బార్లు దాటుతుంది, నీ టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లర. సన్నటి చిల్లు నుంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి సూది పోటంత కనిపించినా అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గాయం.

ఇప్పుడు రాకా, పంపా అన్న తగాదా. దీన్ని మాటలతో తేల్చలేం, గేజ్‌తో తేల్చాలి. పంపుకు, రాక్‌కు మధ్య పైపులో వాల్వ్ ఉన్న ప్రెషర్ గేజ్ బిగిస్తారు. ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి ఆ వాల్వ్‌ను ఐదు సెకన్లలోపు మూసి తెరుస్తారు. మూసినప్పుడు ముల్లు కంపెనీ చెప్పిన అంకె దాకా లేస్తే పంపు బాగుంది, లేవకపోతే పంపుదే తప్పు. పంపు బాగుండి, వాల్వ్ తెరిచి స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు మాత్రం ముల్లు ఆ అంకె దగ్గరికి రాకపోతే ఒత్తిడి రాక్ లోపలే కారిపోతోంది. ఒక వైపే బరువు, ఇంకో వైపు తేలిక అయినా రాక్ మీదే అనుమానం. మీ ఊరి షెడ్డులో గేజ్ లేకపోతే నల్లగొండకో మిర్యాలగూడకో ఒక పూట పోయిరా. లారీలు, జేసీబీలు చూసే చోట అడుగు, ఆ ఖర్చు పాతిక వేల ముందు ఏపాటిది? రీడింగ్ ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకో.

కానీ గేజ్ కంటే ముందు ఆ బ్రేక్ ఆయిల్ కలిసిన ఆయిల్ బయటికి రావాలి. వరుస ఇదీ: టైర్ల గాలి, జాకీ పరీక్ష, బెల్టు, క్లిప్పులు చూసుకున్నాక డబ్బా శుభ్రం చేయించి ఆయిల్ మొత్తం మార్పించు. ఏ ఆయిల్ అన్నది మూత మీదో బండి పుస్తకంలోనో ఉంటుంది, అదే కొను, రెండు మూడు లీటర్లు తెచ్చుకో, ఎందుకంటే మొదటి లీటరు కడగడానికే పోతుంది. డబ్బాకు తిరిగొచ్చే పైపు ఊడదీసి ఒక సీసాలో పెట్టి, డబ్బాకున్న ఆ మూతి మూసి, చక్రాలు గాల్లో ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్ చివరి నుంచి చివరికి తిప్పుతుంటే ఇంకొకరు కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. డబ్బా ఎండనీయొద్దు. సీసాలోకి తేట ఆయిల్ వచ్చేదాకా చేయాలి. తర్వాత పైపు బిగించి, ఇంజన్ ఆపే ఉంచి పదిహేను ఇరవై సార్లు మెల్లగా అటూ ఇటూ తిప్పితే గాలి బుడగలు బయటికి వస్తాయి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. తీసిన పాత ఆయిల్‌ను చెలకలోనో బాయి గట్టునో పారబోయకు, షెడ్డులో పాత ఆయిల్ డ్రమ్ము ఉంటుంది, దాంట్లో పోసెయ్. వారం నడిపాక ఒకసారి మళ్లీ కడిగితే మంచిది, మూలల్లో మిగిలిన బ్రేక్ ఆయిల్ అప్పుడు పోతుంది.

దీంతోనే మూలుగు పోయి, స్టీరింగ్ తేలికైందంటే సంతోషం. సీళ్లు ఉబ్బి ఉంటే కొన్ని రోజుల్లో కారుడు కనపడుతుంది, అప్పుడు కారే చోటుకు సీల్ కిట్ అడుగు. రాక్ లోపలి రాడ్ మీద తుప్పు గుంటలు లేకపోతే కిట్ వేస్తే సరిపోవచ్చు, గుంటలుంటే కొత్త సీలు కూడా నిలవదు, అప్పుడే రాక్ మార్చాలి. రాక్ విప్పి దించితే వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి. పంపు మారిస్తే పైపులు కడగకుండా బిగించనీయొద్దు, పాత పంపు ఇనుప రజను కొత్తదాన్ని తినేస్తుంది. విప్పిన పాత సామాను నీ చేతికి ఇమ్మని ముందే చెప్పు, అది నీది.

పని ఎంత తక్కువలో అయినా ఒక అలవాటు మాత్రం మానేయి, నీకుంటే. డీజిల్ మిగులుతుందని దిగుడు రోడ్డులో ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలేయడం మన దగ్గర చాలామంది చేస్తారు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, బ్రేకుకు ఉండే సాయం కూడా రెండు మూడు తొక్కుళ్లలో అయిపోతుంది.

అన్నీ అయ్యాక మార్కెట్ యార్డు లాంటి ఖాళీ జాగాలో ఎనిమిది అంకె వేసినట్టు మెల్లగా తిప్పి చూడు. రెండు వైపులా ఒకే బరువు ఉండాలి, మలుపు అయ్యాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ గీత చూడు. రాత్రి మళ్లీ అదే చోట అట్టముక్క పరుచు. వరుసగా ఓ వారం పొద్దుటి పూట అట్ట పొడిగా ఉండి, డబ్బాలో గీత కదలకపోతే అమ్మానాన్నలను ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరు. బండిలో అదే ఆయిల్ ఒక లీటరు, ఒక స్పేర్ బెల్టు పెట్టుకో.